ఆరు పాయింట్ మూడు వోల్టులు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, కోదాడ నుంచి మునగాల సెక్షన్‌కు విద్యుత్ శాఖ ఏఈగా బదిలీ అయ్యాను. లైన్లకూ ఫిర్యాదులకూ అక్కడ ఏఈదే జవాబుదారీ. చేరిన నెలలోనే ఒక కాగితం వచ్చింది: కరెంటు ఎక్కువొచ్చి ట్యూబులు కాలిపోతున్నాయని. రాసినామె సరోజన, హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్.

ట్యూబ్‌లైట్లేమో అనుకుని వెళ్లాను. తీరా చూస్తే ఆమె సొంతంగా కట్టుకున్న ఆంప్లిఫయర్. ట్యూబులంటే అందులోని మూడు గాజు వాల్వులు, పాత రేడియోల్లో ఉండేవి. మీటరు బోర్డు దగ్గర కొలిస్తే 238 వోల్టులు. హద్దులోనే ఉంది. ‘సప్లయి సక్రమం’ అని సంతకం పెట్టి ఫిర్యాదు మూసేశాను.

మూడు వారాలకు ఆమె ఆఫీసుకొచ్చి ఫిలమెంటు తెగిన వాల్వు నా టేబులు మీద పెట్టింది.

"సార్, మీ కాగితం మంచిగనే ఉన్నది. గని ఇదెట్ల పోయింది? మిర్యాలగూడల రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గర ఆఖరి జత తెచ్చుకున్న. అవి గూడ పోతే ఇగ ఖతమే."

డిప్లొమాలో వాల్వులు చదువుకున్నవాణ్ని. అయినా ఆ పెట్టె మూత తీయించలేదు. సిగ్గనిపించింది.

ఆదివారం మీటరు పట్టుకుని మళ్లీ వెళ్లాను. కొత్త జత పెట్టడానికి ఆమె జంకింది.

"పెట్టంగనే పోతే ఎట్ల సార్?"

"పది నిమిషాలల్ల పోవు మేడం. వాల్వులు లేకుండ కొలిస్తే అది లెక్క గాదు."

వాల్వు లోపలి ఫిలమెంటుకు, అంటే హీటరుకు, కావలసింది 6.3 వోల్టులు. మీటరు 7.2 చూపించింది. కారణం ట్రాన్స్‌ఫార్మరు. ఆమె వాడింది ఆరు వాల్వుల పాత రేడియోది, 220 వోల్టులకు చుట్టింది. మన లైను అంతకంటే ఎక్కువ, ఇక్కడి వాల్వులేమో సగమే. లోడు తగ్గేసరికి వోల్టేజీ పైకి లేచింది.

సూర్యాపేట నుంచి 0.22 ఓమ్, ఐదు వాట్ల రెసిస్టర్లు రెండు, వోల్టేజీ తగ్గించడానికి, తెప్పించాను. స్విచ్ తీసి, కెపాసిటర్లలో చార్జి దిగిందని మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టాను. హీటరు తీగలు రెండింటికీ చెరొకటి అతికించాను. ఒక్క వైపే పెడితే గుయ్యిమనే శబ్దం రావచ్చు. మళ్లీ కొలిస్తే 6.4.

ఆమె ఒక పాత రికార్డు పెట్టి, అది అయిపోయేదాకా వింది. తర్వాత "ఫిర్యాదుల రిజిస్టర్ల గూడ సరిచెయ్యున్రి సార్" అంది.

చేశాను. మూసిన ఫిర్యాదు తెరిచావెందుకని నా పై అధికారి డీఈ గారు అడిగారు. సప్లయి సరిగానే ఉందనీ, ఆమె ఫిర్యాదు కూడా నిజమేననీ, నా తనిఖీయే సగంలో ఆగిందనీ రాసిచ్చాను. నేను రిటైరయ్యేనాటికీ ఆ జతే పనిచేస్తోంది.

ఆ తర్వాత మీటరు బోర్డు దగ్గరి రీడింగుతో ఏ ఫిర్యాదూ మూయలేదు. వస్తువు పాడవుతున్న చోట, అది నడుస్తుండగా కొలిచాకే సంతకం పెట్టాను.