తడిగుడ్డతో తుడిచిన టీవీ

వాడపల్లి నుంచి ఓడలరేవు దాకా నేను బాగుచేయని డబ్బా టీవీ లేదని చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి నా చెయ్యి పడ్డాక ఇక వెలగనివి కూడా కొన్ని ఉన్నాయి. వాటి తాలూకు వాళ్లు ఎదురైతే పక్క వీధిలోకి తిరుగుతాను.

మొన్న ఓడలరేవు ఆటోస్టాండు దగ్గర టిఫిన్ హోటల్ నడిపే మా ఆవిడ మేనకోడలు ఫోన్ చేసింది. కువైట్‌లో వంటపని చేసి, తొలి సంపాదనతో కొనుక్కున్న టీవీ ఆమెది. ఆటోవాళ్లు దాని ముందు కూర్చుని క్రికెట్ చూస్తూ అట్లు తింటారు. ఇప్పుడు మాట వస్తోంది గానీ బొమ్మ లేదు, తెర మధ్యన ఒక్క అడ్డగీత. ఎదుటి హోటల్‌లో గోడకు కొత్త టీవీ పెట్టారు.

“రాత్రికి మ్యాచ్ ఉందండి మావయ్యగారూ. ఒక్కసారి అటు అలవాటు పడితే మళ్లీ ఇటు రారండి.”

“పది నిమిషాల పని,” అన్నాను.

వెళ్లేసరికి టీవీ వెనక మూత విప్పేసి ఉంది. లోపల తళతళలాడుతోంది.

“మీరొస్తున్నారని తడిగుడ్డతో తుడిచేనండి. పెద్దవారు, ఆ బూజులో చెయ్యెలా పెడతారు?”

చుట్టం కూర్చునే బల్లను తుడిచినట్టు టీవీ కడుపును తుడిచింది మా పిల్ల. గబగబా లోపలికి వంగి చూశాను.

“పిక్చర్‌ట్యూబు మీద ఆ రబ్బరు టోపీ ఉంది చూడు. దాని కింద తుడిచేవా?”

“ఊడి రాలేదండి. ప్లగ్గు పీకేకే తుడిచేను లెండి.”

ప్లగ్గు పీకినా పిక్చర్‌ట్యూబులో కరెంటు దాక్కునే ఉంటుంది. ఎడమచేతిని వెనక్కి తీసుకెళ్లి లుంగీ మడతలో దోపుకున్నాను. రెండు చేతులూ లోపల పెడితే దెబ్బ గుండె మీదుగా పోతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్‌కు తీగ చుట్టి, రెండో కొస ట్యూబు చుట్టూ ఉండే ఎర్తు తీగకు బిగించి, దాని మొనను టోపీ కిందికి జరిపాను. హోటలంతా మెరుపు మెరిసింది. అబద్ధం. వేరుశనగకాయ నలిపినంత చప్పుడు వచ్చింది, అంతే. దానికే ఆ పిల్ల మొహం పాలిపోయింది.

“అదేనండీ నా చెయ్యి పక్కన ఉన్నది?”

“అదే.”

కాసేపాగి మళ్లీ తాకించాను. ఆ కరెంటు పోయినట్టే పోయి మళ్లీ చేరుతుంది. కరెంటు లోపలికొచ్చే చోట దాన్ని దాచుకునే పెద్ద కెపాసిటర్‌ను ఒక బల్బుకు కలిపి ఖాళీ చేశాను. బోర్డు తిప్పి చూస్తే బొమ్మను నిలువుగా సాగదీసే చిప్పు కాలి దగ్గర టంకం చిట్లి ఉంది. అంటించేశాను. ఇక మిగిలింది తడి. దాని ముందు ఫ్యాను పెట్టాం.

చీకటిపడే వేళకు ఆటోవాళ్లు వచ్చారు.

“తాతగారూ, పది నిమిషాలన్నారంట. మీ గడియారం ఏ కంపెనీదండి?”

తడి పూర్తిగా ఆరేదాకా ప్లగ్గు పెట్టనని గట్టిగా చెప్పేశానని ఇంట్లో చెప్పాను. అదీ కోతే. పౌరుషానికి ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆ పిల్లే అడ్డుపడింది.

“వద్దండి మావయ్యగారూ. పోతే ఈ పూట బేరం పోతుందండి,” అంటూ వాళ్ల వైపు తిరిగింది. “ఎదురుగా మ్యాచ్ వేస్తన్నారు, అక్కడ చూడండి బాబూ.”

సగంమంది వెళ్లారు. ఆమె అటు చూడకుండా అట్లు తిప్పుతూ ఉంది.

మర్నాడు ఎండ బాగా ఎక్కేదాకా ఆరనిచ్చి, మూత బిగించి స్విచ్చి వేశాను. గీత నెమ్మదిగా విచ్చుకుని బొమ్మయింది. రాత్రి ఎదుటికి వెళ్లినవాళ్లలో ఒకడు గుమ్మంలోనే ఆగి చూశాడు.

“మనుషులు కొంచెం పచ్చగా ఉన్నారండి,” అన్నాడు.

“ఉంటే ఉన్నార్లే. కూర్చో. అల్లం పచ్చడి వెయ్యనా, కొబ్బరిదా?” అంది ఆమె.

“రెండూ వెయ్యండి,” అంటూ బల్లను టీవీ వైపు జరుపుకున్నాడు.