మానుకోటలో చూసిన పసుపు కారు

ఇరవై ఆరేళ్లు నేను భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపాను. బొగ్గు మీద పరుచుకుని ఉండే మట్టిని, బండరాళ్లను మోసుకుపోయి దూరంగా గుట్టలు పోసే బండి అది. దాని టైరే మనిషి కన్నా ఎత్తు. నిచ్చెన ఎక్కిపోయి సీట్లో కూర్చోవాలి. ఎనిమిది గంటలూ పోయిన దారినే తిరిగి రావడం. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు పక్కన నడిచే మనిషి కూడా మనల్ని దాటిపోతాడు.

నిరుడు నా నడుము ఎక్స్‌రేలు చూసి, ఇక బండి ఎక్కడానికి పనికిరానని డాక్టర్లు రాసిచ్చారు. నా బదులు మా అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. అందరూ మంచే జరిగిందన్నారు, నేనూ అన్నాను. ఆఖరి రోజు తోటివాళ్లు శాలువా కప్పారు, మిఠాయి డబ్బా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి పడుకున్నాను. మర్నాడు మా అబ్బాయి నా టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి పోతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. గర్వమో బాధో ఏదో ఒకటి ఉండాలి కదా అనుకున్నాను. ఏమీ లేదు.

ఆ రోజుల్లోనే ఫోన్లో ఆ కారు కనిపించింది. పసుపు రంగు, రెండే తలుపులు, నేలకు అంటుకున్నట్టు ఉంది. రేసుల్లో తిరిగే రకం విదేశీ బండి. మహబూబాబాద్‌లో ఎవరో మిర్చి వ్యాపారి అమ్మకానికి పెట్టాడు. చిన్నప్పటి కోరిక అని చెప్పుకుంటే బాగుంటుంది కానీ అలాంటిదేమీ లేదు. నాలుగు రోజులు ఆ ఫొటోలే తిరగేశాను. ఐదో రోజు నా భార్యకు చూపించాను.

ఆమె కళ్లద్దాలు తెచ్చుకుని చూసింది. "ఇద్దరే కూసుంటరు గదయ్యా ఇండ్ల?"

"మనమిద్దరమే కదా."

"రేటెంతంట?"

చెప్పాను. ఉద్యోగం మానినప్పుడు నాకు వచ్చిన డబ్బులో సగానికి పైనే. తిడుతుందనుకున్నాను. ఆమె ఫోన్ నా చేతికిచ్చి, కాసేపు నా ముఖంలోకి చూసింది. ఆ ఏడాదిలో నేను ఒకటి కావాలని అడగడం అదే మొదటిసారి అని తర్వాత చెప్పింది.

"చూసొద్దాం పా. చూస్తే ఏం పోతది? మా తమ్మున్ని గూడ తీస్కపోదాం, వానికి బండ్లు ఎర్క" అంది.

నా బావమరిదికి జనగామలో కార్లు బాగుచేసే షెడ్డుంది. ముందురోజే బస్సెక్కాం. చెల్పూరు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, ఘనపూర్, పరకాల, హనుమకొండ దాటి సాయంత్రానికి జనగామ చేరాం. దారంతా నా భార్య ఏదో చెబుతూనే ఉంది. ఊఁ కొడుతూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నే బావమరిది పాత కారులో పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్ పోయాం. మా వైపు దాన్ని మానుకోట అనే అంటాం.

కారు అమ్మే మిర్చి సేటు యాభై దాటిన మనిషి. వ్యవసాయ మార్కెట్ దగ్గర ఇల్లు. ఇంటి కింద సగం గోదాము, గేటు తీయగానే మిర్చి ఘాటు. వరుసగా తుమ్మాం. ఆ బస్తాల పక్కన, గుడ్డ కప్పి, కారు ఉంది. సేటు గుడ్డ లాగేశాడు.

"మూడేండ్ల కింద హైదరాబాద్‌ల కొన్న" అన్నాడు. "మోజు. ఏడికి పోత దీన్ల? స్పీడ్ బ్రేకర్ వస్తే కింద తాకుతది. మార్కెట్ కాడికి తీస్కపోతే అమాలీలు సుట్టూ చేరి ఫొటోలు దిగుతరు. పది పదిహేను సార్లు నడిపిన్నో లేదో."

ఆయన భార్య మాకు చాయ్ తెచ్చింది. "నన్నొక్కసారి ఎక్కించిండు అక్కా, దిగనీకి ఇద్దరు పట్టి గుంజిన్రు" అని నా భార్యతో అంది. వాళ్లిద్దరూ నవ్వుకున్నారు.

బావమరిది చొక్కా విప్పి, బనియన్‌తో నేల మీద పడుకుని కారు కింద చూశాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి చెవి పెట్టి విన్నాడు. తలుపుల మీద వేలితో కొట్టి చూశాడు. లేచి నన్ను పక్కకు పిలిచాడు.

"ఎడమ దిక్కు తలుపుకు మళ్ల పెయింట్ ఏసిన్రు బావా. ఏడనో గుద్దుకున్నది. ఇంజన్ మాత్రం కతర్నాక్ ఉంది. టైర్లు అరగలే గని నిలబడి నిలబడి గట్టిపడ్డయి, నాలుగూ మార్చాలె. సామాన్ కావాల్నంటే నాతోని గాదు, హైదరాబాద్‌ల గూడ దొరుకుతదో లేదో. నువ్వు కొంటనంటే కొను. నన్నడిగితే మాత్రం వద్దంట."

"ఒకసారి నడిపి చూస్త" అన్నాను.

తొర్రూరు వైపు రోడ్డు ఖాళీగా ఉంటుందని సేటే చెప్పాడు. ఊరు దాటేదాకా బావమరిది నడిపాడు. తర్వాత నేను కూర్చున్నాను. ఇన్నేళ్లూ అంతెత్తున కూర్చున్నవాడిని, నేల ఇంత దగ్గరగా ఉంటే రోడ్డు నా ఒళ్లోకి వచ్చినట్టుంది. కాలు నొక్కాను. వెనక నుంచి ఎవరో తోసినట్టు బండి ఎగిరింది. ముల్లు నూట నలభై దాటింది. బావమరిది పైన ఉన్న పిడి గట్టిగా పట్టుకున్నాడు. నేను ముల్లు వైపు చూశాను, పక్కన వెనక్కి పోతున్న తుమ్మచెట్లను చూశాను. ఇంత వేగంలో ఉన్నానని ముల్లు చెబితేనే తెలిసింది. భయం లేదు, సంతోషమూ లేదు.

ముందు ఒక ఊరు వచ్చింది. వేగం తగ్గించి గేరు మార్చబోయాను. చేయి గేరు మీద నుంచి జారి పక్కకు పోయింది. కిందికి చూసి, చేతిని మళ్లీ దాని మీద పెట్టి మార్చాను. ఊరు దాటాక మళ్లీ అదే జరిగింది.

"బావా, గేర్ ఏసేటప్పుడు చెయ్యి సూస్కుంటున్నవేంది?"

"అలవాటు లేని బండి."

"అలవాటు లేకుంటే రోడ్డు సూస్తరు. నువ్వు చెయ్యి సూస్తున్నవు. జర పక్కకు ఆపు."

ఒక పత్తిచేను పక్కన ఆపాను. బావమరిది చేయి చాపి ఇంజన్ బంద్ చేశాడు. చెప్పక తప్పలేదు.

"వేళ్లకు స్పర్శ తెలుస్తలేదు. ఏండ్లయితంది. మొదలు కొసలకే ఉండె. ఇప్పుడు అరచేతి దాక వచ్చింది."

"దవాఖానల చెప్పలేదా?"

"నడుము చూసిన్రు. చేతుల గురించి అడగలే."

"అక్కకు?"

తల అడ్డంగా ఊపాను. అతను జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి నా చిటికెన వేలి మీద ఆనించాడు. "తెలుస్తుందా?"

"చూస్తున్న కాబట్టి తెలుస్తుంది."

"కండ్లు మూస్కో."

మూసుకున్నాను. కాసేపయ్యాక, "ఇప్పుడు?" అన్నాడు.

"ఇంకా పెట్టలే కదా" అన్నాను.

కళ్లు తెరిచి చూస్తే స్క్రూడ్రైవర్ మొన వేలిలోకి దిగబడి ఉంది. తీసేశాక అక్కడ తెల్లటి గుంట మిగిలింది. అది మెల్లగా ఎర్రబడే వరకు ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

తిరుగుదారిలో అతనే నడిపాడు. సేటు ఇంటికి రాగానే, "అక్కా, నువ్వు గూడ ఒక రౌండ్ ఎయ్యి రా" అని నా భార్యను ఎక్కించుకుపోయాడు. సేటు నాతో రేటు సంగతి మాట్లాడుతున్నాడు. వాళ్లు నేను అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా వచ్చారు. ఆమె కారు దిగి కొంగు సర్దుకుంది. నా వైపు చూడలేదు. సేటు భార్య దగ్గరికి పోయి చాయ్ బాగుందని చెప్పి, చెప్పులు వేసుకుంది.

"మేం ఆలోచించి చెప్తం సేటూ" అన్నాడు బావమరిది.

వచ్చేటప్పుడు ఆమె నా పక్కన వెనక సీట్లో కూర్చుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. తొర్రూరు దగ్గర ఎందుకో ఇటు తిరిగాను. నా చేయి ఆమె ఒడిలో ఉంది. రెండు చేతులతో పట్టుకుని ఒక్కొక్క వేలే నొక్కుతోంది. ఎంతసేపటి నుంచి అలా పట్టుకుందో నాకు తెలియదు.

"ఎన్నేండ్ల సంది?" అంది.

"నాలుగైదు."

"పొగలొచ్చే అన్నంల చెయ్యి పెట్టి కలుపుతుంటివి. డంపర్ పట్టుకుని మొద్దువారినయి అనుకున్న." ఇంకో వేలు పట్టుకుంది. "నాకు చెప్తే ఏమైతుండె?"

ఏమయ్యేదో నిజంగానే ఆలోచించాను. చెప్పకపోవడానికి కారణం దొరకలేదు. చెప్పడానికీ ఏ రోజూ కారణం కనిపించలేదు. "ఏమో" అన్నాను. ముందు సీట్లో బావమరిది అద్దం పక్కకు తిప్పేశాడు.

నెల తిరగకుండా ఆమె నన్ను వరంగల్ పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. నరాలకు కరెంటు పెట్టి పరీక్ష చేశారు. మెడ దగ్గర నరం నలిగింది, దాని మీద ఇన్నేళ్ల బండి అదురు, రెండూ కలిశాయన్నాడు డాక్టర్. మందులు వాడితే ఇంకా ముదరకుండా ఆపవచ్చు, కొంత తిరిగి రావచ్చు, అంతా రాదు అన్నాడు. బండ్లు నడపొద్దన్నాడు. నా భార్య తల ఊపుతూ వింది. మెట్లు దిగేటప్పుడు ఏడ్చింది. నేను గోడ పక్కన నిలబడి, ఆమె ఏడుపు అయ్యేదాకా మందుల కవరు పట్టుకున్నాను.

మొన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఉండగా సేటు ఫోన్ చేశాడు. రేటు బాగా తగ్గించి చెప్పాడు.

"వద్దు సేటూ."

"ఇంకా తగ్గించమంటవా తమ్మీ?"

"రేటు గురించి గాదు. నడపనీకి రాదు నాకు."

ఆయన తెలిసినవాళ్లెవరైనా అడిగితే చెప్పమని పెట్టేశాడు. ఇప్పుడైనా కొంచెం బాధ కలుగుతుందేమోనని చూశాను. లోపల ఎక్కడో సన్నగా ఏదో కదిలినట్టనిపించింది, అదీ నిలవలేదు.

"ఎవరు?" అని లోపలి నుంచి నా భార్య అడిగింది.

"మానుకోట సేటు. కారు ఇంకా అమ్ముడుపోలేదంట."

"ఎండ నీ చేతుల మీదికొచ్చింది. మంచం ఇటు జరుపుకో" అంది.

జరుపుకున్నాను.