ఇంజెక్షనమ్మ మూడో బండి

ఆసుపత్రిలో పని ముగిశాక ఆమె ఇంటింటికీ తిరిగి, మంచం దిగలేని వాళ్ళకు సూదులు వేసేది, పుళ్ళకు కట్లు మార్చేది. అందుకే అందరూ ఆమెను ఇంజెక్షనమ్మ అనేవారు. వీధి మలుపులో ఆమె బండి చప్పుడు వినబడగానే పిల్లలు మంచాల కింద దూరేవారు. ముసలివాళ్ళు మాత్రం తలుపు తీసి పెట్టేవారు.

ఆమెకు రెండు మోటారు సైకిళ్ళు. నల్లది తండ్రిది. ఆయన పోయాక అన్నదమ్ములెవరూ పట్టించుకోకపోతే తనే తెచ్చుకుంది. నీలంది ఉద్యోగంలో చేరాక కొనుక్కుంది. నల్లది వానలో మొరాయిస్తుంది, నీలంది ఎండలో. కాబట్టి ఏ కాలంలోనూ ఆమె పని ఆగలేదు.

భర్త దర్జీ. కుట్టుమిషను, రెండు బండ్లు, అన్నీ ఇంటి ముందు గదిలోనే. గుడ్డలకు పెట్రోలు వాసన పట్టకుండా ఆయన మధ్యలో ఒక పాత దుప్పటి వేలాడదీశాడు.

ఒకరోజు ఆసుపత్రి దారిలోని షోరూం అద్దం వెనక ఎర్ర బండి ఒకటి కనిపించింది. అంతే, ఆమె మనసు దాని మీద పడింది. అన్నం దగ్గరా అదే మాట, పక్క దులుపుతూ అదే మాట.

"కొనుక్కో. నువ్వు ఏదైనా అడగడమే అపురూపం," అన్నాడు భర్త. "కానీ మూడోదానికి చోటేదీ? నల్లదాన్ని అమ్మేద్దాం."

ఆమె తలూపింది. షోరూంలో ఎర్రదాన్ని తనకోసం ఆపమని చెప్పొచ్చింది.

నల్లదాన్ని చూడ్డానికి మొదట పాలాయన వచ్చాడు. "బ్రేకులు పడతాయా అమ్మా?"

"పడతాయి. కాకపోతే కాస్త ముందే అనుకోవాలి."

తర్వాత లెక్కల మాస్టారు. "పెట్రోలు ఎలా తాగుతుంది?"

"అడక్కండి మాస్టారూ, పచ్చి తాగుబోతు."

ఇద్దరూ మళ్ళీ వస్తామని చెప్పి జారుకున్నారు. దుప్పటి వెనక భర్త నవ్వాపుకోలేకపోయాడు. "పిల్లని చూడ్డానికొచ్చిన వాళ్ళకి ఇన్ని వంకలు చెప్పే తల్లిని నిన్నే చూస్తున్నా."

"అబద్ధం చెప్పి అంటగట్టమంటారా?"

"ఒక్క తన్నుకే స్టార్టవుతుందన్నది కూడా నిజమేగా? అది నీ నోట రాదేం?"

ఆమె కొంగుతో నల్లదాని సీటు మీది దుమ్ము తుడిచింది.

మూడోసారి బేకరీ ఆవిడ వచ్చింది. ఎన్ని వంకలు చెప్పినా చలించలేదు. "ఇవన్నీ మా ఆయనకీ ఉన్నాయిలే, నెట్టుకురావట్లేదూ? తాళం ఇలా ఇవ్వు, ఒక చుట్టు తిప్పుకొస్తా."

బండి మలుపు తిరిగింది. ఇంజెక్షనమ్మ గడపలోనే నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడును పైన కూర్చుని విన్నదే తప్ప, అది తనకు దూరమవుతుంటే ఎప్పుడూ వినలేదు.

బేకరీ ఆవిడ తిరిగొచ్చి, "నాకు నచ్చింది, తీసుకుంటా," అంది.

"ఏమీ అనుకోకక్కా. ఇవ్వలేను."

"మరి ఊళ్ళోవాళ్ళందర్నీ ఎందుకు పిలిచావు తల్లీ?" అని ఆవిడ కసురుకుంది. "పోనీ ఆ నీలంది ఇస్తావా?"

ఇంజెక్షనమ్మ చెయ్యి తనకు తెలియకుండానే నీలం బండి సీటు మీదికి వెళ్ళింది. అది చూసి బేకరీ ఆవిడకు కోపం పోయి నవ్వొచ్చింది. తాళం ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ బండి వద్దని చెప్పడానికి షోరూంకి వెళ్ళారు. "కొనకపోతే పోయె, ఒకసారి నడిపి చూడండి మేడం," అన్నాడు అక్కడి ఉద్యోగి. భర్తను వెనక ఎక్కించుకుని ఆమె బయల్దేరింది. ఎర్ర బండి గాలిలో తేలినట్టు పోయింది. ఖాళీ రోడ్డు మీద ఆమె చిన్నపిల్లలా కేకపెట్టింది. వెనకాయన ప్రాణాలు అరచేత పెట్టుకుని ఆమె నడుం వాటేసుకున్నాడు.

దిగాక ఆమె మొహం వెలిగిపోతోంది. భర్తకు మనసాగలేదు. "మిషను వెనక గదిలోకి మార్చేస్తా. తీసేసుకో."

"ఆ చీకటి కొట్లో సూదిలో దారం ఎలా ఎక్కిస్తారు? వద్దు."

"మరి నీ ఆశ?"

"ఉండనివ్వండి. అదేమైనా అన్నం పెట్టమంటుందా?"

కొన్నాళ్ళకు ఎర్ర బండిని ఎవరో కొనుక్కుపోయారు. దాని స్థానంలో ఆకుపచ్చది వచ్చింది. ఆ రోజు ఇంట్లో అడుగుపెడుతూనే ఆమె దుప్పటి పక్కకు లాగి, "కొత్తది చూశారా?" అంది.

"చూశాను," అన్నాడు ఆయన మిషను ఆపకుండానే. "నడిపి చూడ్డానికి ఆదివారం పోదామా?"