కెనడా చేపలకు కార్తీకం తెలియదు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. దేనినైనా చక్కగా వర్ణించగలిగితే చాలు, దాని సంగతి పూర్తిగా తెలిసినట్లేనని. ప్రాచ్య కళాశాలలో అయిదేళ్ళు కూర్చుని ప్రబంధాలు వల్లించినవాణ్ణి. సరోవరమనగానే తామరలు, తుమ్మెదలు, రాయంచలు, ఒడ్డున సేదదీరే బాటసారి, ఒకదాని వెంట ఒకటి పద్యపాదాలై నోటికి వచ్చేవి. సరోవరం అడుగున బురద ఉంటుందనీ, దానిని ఎవరో ఒకరు తీయవలసి ఉంటుందనీ మాత్రం ఏ గురువుగారూ సెలవియ్యలేదు. (ఇచ్చిన నాడు నేను తరగతికి వెళ్ళి ఉండకపోవచ్చు, అది వేరే సంగతి.) ఇంతటి విద్యాసంపన్నుడనై, ముప్పై నిండకుండానే మా ఆవిడ వెంట కెనడా చేరుకున్నాను. ఆమెకు హామిల్టన్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో ఉద్యోగం. ఆమెను ఉదయం బస్సెక్కించడం, సాయంకాలం బస్సు దింపుకోవడం నా ఉద్యోగం. ఎనిమిది నెలలు ఆ కొలువు నిర్వహించిన పిమ్మట, నేను దేనికీ పనికిరానివాడనేమో అన్న అనుమానం నన్ను లోలోపల తొలవసాగింది.

మేమప్పుడు ఒక కెనడా పెద్దాయన ఇంటి పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. క్రింద ఆయనొక్కడే. మాలో మేము తాతగారనుకొనేవాళ్ళం. ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర జీవితమంతా గడిపిన మనిషి. మాట కూడా కొలిమిలోంచి పట్టకారుతో తీసినట్లు పొట్టిగా, వేడిగా వచ్చేది. పెరట్లో ఆయనా, గతించిన ఆయన భార్యా స్వహస్తాలతో త్రవ్వుకున్న కొలను ఒకటుండేది. పన్నెండడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు, నడిమధ్య నా ఛాతీ లోతు. అందులో కోయి జాతి రంగుచేపలు అయిదు. వాటిలో తెల్లని మేనిపై నిప్పుకణిక వంటి మచ్చ గలది అన్నింటికంటె పెద్దది. ఆయన భార్య చేతి మేత తిన్న చేపలలో మిగిలినది అదొక్కటే. ఆ శరత్కాలంలో తాతగారికి తుంటి శస్త్రచికిత్స నిశ్చయమైంది. మాంట్రియల్‌లో కూతురి దగ్గర వసంతం దాకా ఉండాలి. చేపలను చూసే దిక్కు లేదు గనుక శనివారం ఎవరో వచ్చి పట్టుకుపోతారని, మా ముఖాలవైపు కాక కిటికీవైపు చూస్తూ చెప్పాడు.

"ఎందుకు సర్? నేను చూసుకుంటాను" అన్న గొంతు ఎవరిదా అని నేనే ఆశ్చర్యపోయాను.

తాతగారు నన్ను ఆపాదమస్తకం పరికించి, "ఎప్పుడైనా చేపల్ని పెంచావా, ప్రొఫెసరూ?" అన్నాడు. (ఆయన ఇంగ్లీషును నా తెలుగులోనే వినిపిస్తున్నాను. మన దేశంలో ఉండగా నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణని తెలిసిన నాటినుండి నన్నలాగే పిలిచేవాడు. గౌరవమో వెక్కిరింతో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.)

"లేదు సర్. కాని వాటిని గురించి చదివాను."

"చదివాడట" అని తాతగారు మా ఆవిడతో అన్నాడు. ఆమె తల దించుకుంది.

అయినా శనివారం రావలసినవాణ్ణి రావద్దని ఆయనే ఫోను చేశాడు. పెరట్లో కుర్చీ వేసుకుని నాకు నాలుగు మాటలు చెప్పాడు. ఆకులు నీటిలో పడకుండా పైన వల కట్టాలి. పంపు తీసి ఇంట్లో పెట్టాలి. నీరు చల్లబడ్డాక మేత వేయరాదు, ఒక్క గింజ కూడా. పైన గడ్డకట్టాక, చేపలకు గాలి ఆడేందుకు పళ్ళెమంత కంత ఎప్పుడూ తెరచి ఉంచాలి; సుత్తితో కొడితే ఆ అదురుకే చేపలు చస్తాయి గనుక, వేడినీళ్ళ గిన్నె పెట్టి కరిగించాలి. కారెక్కిన తరువాత అద్దం దించి, "ప్రొఫెసరూ, ఆ తెల్లది..." అన్నాడు. వాక్యం పూర్తి చేయకుండానే అద్దం ఎత్తుకున్నాడు.

వల కొనాలంటే రెండు బస్సులు మారాలి. అంతకంటె ఘనమైన ఉపాయం నాకు తోచింది. మా ఆవిడ పెట్టె అడుగున ఎన్నడూ కట్టని జార్జెట్ చీరలు రెండున్నాయి. జతకలిపి కుట్టితే కొలను వెడల్పుకు సరిగ్గా సరిపోయాయి. చుట్టూ రాళ్ళు పెట్టి బిగించి, నా ప్రతిభకు నేనే మురిసి ఊరుకున్నాను. ఆ మధ్యాహ్నం వాన కురిసింది, మేపుల్ చెట్టు సగం రాలింది, ఆ బరువుకు చీరలు మెల్లగా నీటిలోకి దిగిపోయాయి.

"ఏవండీ, పెరట్లో ఆ వంకాయరంగుది ఏమిటి?" అని కిటికీలోంచి మా ఆవిడ.

"వల."

"వలేమిటండీ! అది మా పిన్ని పెట్టిన చీర! ఆ పక్కది మీ అక్కయ్యగారు పెట్టింది!"

"ఎవరికీ చిన్నతనం లేకుండా, రెండు వైపులవీ తీసుకున్నాను."

మరునాడు ఆఫీసు నుండి వస్తూ ఆమే వల కొనుక్కొచ్చింది. చీరల ప్రాయశ్చిత్తంగా నేను పంచె ఎగగట్టి కొలనులో దిగి పంపు తీశాను. ఒడ్డునున్న మెట్టు మీద మోకాలి లోతే. అయినా పైకి వచ్చాక ఆ కాళ్ళు నావో కావో గిల్లి చూసుకోవలసి వచ్చింది.

ఇంతలో కార్తీకం వచ్చింది. కార్తీకంలో ఏటికి పోయి చేపలకు పిండి ఉండలు వేయడం మా ఇంటి ఆచారం. ఏరు లేకపోతేనేమి, చేపలున్నాయి. తాతగారి మూడవ మాట నాకు స్పష్టంగానే గుర్తుంది. తుంటి నొప్పిలో పెద్దాయన ఏదో కఠినంగా అని ఉంటాడులే అని మనసుకు సర్దిచెప్పుకొని, బియ్యప్పిండి తడిపి ఉండలు చేయసాగాను.

"తాతగారు ఫుడ్ వద్దన్నారు కదండీ. క్లియర్‌గా చెప్పారు" అన్నది మా ఆవిడ.

"ఏకాదశినాడు పస్తుంటే ద్వాదశినాడు పారణ ఉంటుంది. నాలుగు నెలల ఉపవాసం ఏ శాస్త్రంలో ఉంది?"

"అవి కెనడా చేపలండీ. వాటికి కార్తీకం తెలీదు. డైజెస్ట్ అవ్వక ఏమైనా అయితే?"

"నెయ్యి వేశాను. అరుగుతుంది."

మొదటి రెండు రోజులూ చేపలు బద్ధకంగా పైకి వచ్చి తిన్నాయి. తెల్లది అన్నింటికంటె ఎక్కువ తిన్నది. నేను పుణ్యం ప్రోగుచేసుకున్నాను. మూడవ నాటినుండి అవి రాలేదు. రుచి నచ్చలేదేమోనని నెయ్యి పెంచాను. వారం తిరిగేసరికి ఉండలు ఉబ్బి, విచ్చి, నీరు కుడితిలా తయారైంది. పైన నెయ్యి పేరుకుని తెట్టెకట్టింది. అప్పుడు చూశాను. తెల్లచేప తక్కిన నాలుగింటికి దూరంగా, ఒక ప్రక్కకు ఒరిగి ఉంది.

హామిల్టన్‌కు దగ్గరలోని కేంబ్రిడ్జ్‌లో ఒక గోదాములో పనిచేసే అన్న ఒకాయన ఉండేవాడు, వరంగల్ వాడు. ఇంట్లో గాజుతొట్టెలో చేపలు పెంచేవాడు. ఆయనకు ఫోను చేశాను. ఆదివారం ఉదయమే కారులో బకెట్లతో దిగి, కొలనులోకి ఒక్కసారి తొంగిచూశాడు.

"ఏం బెట్టినవ్ తమ్మీ?"

"బియ్యప్పిండి ఉండలు."

"ఉత్తయేనా?"

"నెయ్యి వేసి..."

"నెయ్యా! ఓర్నీ, అవి చేపలా, అల్లుండ్లా? సల్లటి నీళ్లల్ల వాటికి పొట్ట పంజెయ్యదయ్యా. తిన్నది తిన్నట్టే లోపట మురుగుతది. పెద్దాయన ఊకెనే చెప్పిండా? నువ్వు ప్రేమతోని సంపుతున్నవ్ వాటిని."

మధ్యాహ్నం దాకా ఇద్దరం తెట్టె తీశాం, పిండి దేవాం, నాలుగో వంతు నీరు తోడిపోశాం. కుళాయి నీటిలో చేపలకు సరిపడని మందు విరిగిపోయేందుకు అన్న ఏదో సీసా తెచ్చి కలిపి, కొత్త నీరు కొద్దికొద్దిగా వదిలాడు. పోతూ పోతూ, "ఇగ దాని నసీబు. నువ్వు మాత్రం గిన్నె పట్టుకొని అటు పోకు" అని హెచ్చరించాడు.

ఆయన కారు మలుపు తిరిగిందో లేదో మాంట్రియల్ నుండి ఫోను. "నా చేపలెలా ఉన్నాయి?" అని తాతగారు. గొంతు దారంలా సన్నబడి ఉంది.

మా ఆవిడ నా చెవి దగ్గర, "ఆయనకి ఇప్పుడే సర్జరీ అయింది. ఫైన్ అని చెప్పేయండి" అని గుసగుసలాడింది. చెప్పవచ్చు. కాని ఆయన పూర్తి చేయని వాక్యం ఒకటి నా దగ్గర ఉండిపోయింది. పిండి, నెయ్యి, చీరలు, అన్నీ చెప్పేశాను.

"తెల్లది?"

"ఒరిగి ఉంది సర్."

తాతగారు మెల్లగా, "మొదటి ఏడాది నా భార్య రొట్టె వేసింది. నేను వద్దంటే వినలేదు. రెండు పోయాయి. వారం రోజులు ఏడ్చింది" అన్నాడు. "ఇక నువ్వేమీ చెయ్యకు, ప్రొఫెసరూ. కంత తెరచి ఉంచు, అంతే. ఏమీ చెయ్యకుండా ఉండటం చేతనవునా?"

"ఎనిమిది నెలలుగా అదే చేస్తున్నాను సర్."

ఫోనులో దగ్గు వంటి శబ్దం వినిపించింది. అది నవ్వేనని తరువాత మా ఆవిడ తేల్చింది.

కొన్నాళ్ళకు కొలను గడ్డకట్టింది. తొలినాటి మంచు గాజువలె నిర్మలంగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. లోపల చిక్కుకున్న గాలిబుడగలు జాజిమొగ్గలు గుచ్చినట్లు ఒకదానిపై ఒకటి నిలిచిపోయి ఉన్నాయి. ఒక ఎర్రని ఆకు సగం నీటిలో, సగం మంచులో ఆగిపోయింది. మరుగుతున్న నీళ్ళ గిన్నెను మెల్లగా ఆ గాజుపై పెట్టాను. అది నిట్టూర్చి, అంగుళమంగుళంగా దిగబడి, చివరకు ఒక నల్లని చక్రాన్ని విడిచింది. ఆవిరి తేలిపోయాక మోకాళ్ళపై వంగి లోపలికి చూశాను.

అడుగున అయిదూ ఉన్నాయి. ప్రక్కప్రక్కన, ఒకే దిక్కుకు ముఖాలు పెట్టి, రెక్క కూడా ఆడించకుండా. తెల్లది ఇంకా కొంచెం ఒరిగే ఉంది. బ్రతికి ఉందా? ఊపిరి బిగబట్టి చూశాను. బిగబట్టలేక విడిచాను, మళ్ళీ పీల్చాను. అలా నాలుగైదుసార్లయ్యాక దాని మొప్ప ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తెరచుకుని మూసుకుంది. ఇవతల ముక్కుపుటాలు గడ్డకట్టే చలి. అక్కడ, నా చేతికి అందీ అందనంత లోతులో, ప్రాణం తన వత్తిని తానే తగ్గించుకుని కూర్చుంది. నీటికి ఎవరు నేర్పారో తెలియదు. చల్లబడ్డది పైకి చేరి తానే కప్పుగా మారి, క్రిందనున్న కాస్త వెచ్చదనాన్ని కాపాడుతుంది. అడుగునుండి గడ్డకట్టే గుణమే నీటికి ఉండి ఉంటే ఈ దేశపు కొలనుల్లో ఒక్క ప్రాణి మిగిలేది కాదు. నేను చదివిన ఏ వర్ణనలోనూ ఈ సరోవరం లేదు. వర్ణించబోయాను. మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. మాట దొరకకపోవడం నాకు సిగ్గనిపించకపోవడం జీవితంలో అదే మొదటిసారి.

ఆ శీతకాలమంతా ఉదయం ఒక గిన్నె, సాయంకాలం ఒక గిన్నె. మంచు తుఫానులో కూడా మానలేదు. మధ్యలో ఎన్నిసార్లు వెళ్ళి చూశానో లెక్కలేదు. కొన్నాళ్ళకు మంచు పాలరాయిలా తెల్లబడి, ఆ కంత క్రింద చీకటి తప్ప మరేమీ కనిపించలేదు. నమ్మకంతోనే నీళ్ళు కాచాను.

వసంతంలో తాతగారు చేతికర్రతో తిరిగివచ్చి, లోపలికైనా వెళ్ళకుండా కొలను ఒడ్డునే కూర్చున్నాడు. మంచు పోయి రెండురోజులైంది. నేను న్యాయస్థానంలో ముద్దాయిలా నిలబడ్డాను. ఎండ నీటిలోకి దిగేకొద్దీ చేపలు ఒక్కొక్కటే ఈదుతూ పైకి వచ్చాయి.

"నాలుగు" అన్నాడు తాతగారు. మా ఆవిడ తెచ్చిన టీ మూడు కప్పుల్లోనూ చల్లారింది. వెళ్ళిపోదామని నేను అడుగు కదిపానో లేదో, రాతిమెట్టు నీడలోంచి ఒక తెల్లదనం కదిలింది. నిటారుగా, ఏమాత్రం ఒరగకుండా, నిప్పుకణికను మోసుకుంటూ వచ్చి నీటిపై మూతి పెట్టింది. తాతగారు టోపీ తీశాడు. "శీతకాలం గడిస్తే చేప చిక్కాలి. ఇది చిక్కలేదు" అని నావైపు తిరిగాడు. "నెయ్యి ఏ కంపెనీది, ప్రొఫెసరూ?"

మా ఆవిడ పకపకా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. కళ్ళజోడు తుడుచుకొనే పని పడింది.

ఇప్పుడు మా సొంత పెరట్లోనూ ఒక కొలను ఉంది. నాకు అరవై దగ్గరపడింది. నీళ్ళు చల్లబడ్డాక అటు మేత డబ్బా తీసుకుపోకుండా ఉండడానికి ఈనాటికీ కొంత ఇంద్రియనిగ్రహం కావాలి. మొన్నటి శీతకాలం, తొలి మంచు పడ్డ ఉదయం, నడుము వంగక, కోటు పరచుకుని ఒడ్డున బోర్లా పడుకుని లోపలికి చూశాను. చూడడం అయింది గాని లేవడం కాలేదు. ముప్పై నిండని ఆ కుర్రపండితుడు చూసి ఉంటే ఈ భంగిమపై సీసపద్యమొకటి ఎత్తుకొనేవాడు. పావుగంట తరువాత వెనుక మంచులో చెప్పుల చప్పుడు.

"పడిపోయారా ఏమిటండీ?"

"లేదు. చూస్తున్నాను."

"ఇంతసేపా?"

"చూడడం ఎప్పుడో అయిపోయింది. లేవలేకపోతున్నాను."

లేపుతుందని చేయి చాచాను. ఆమె ఆ చేతినే ఊతగా పట్టుకుని, మోకాళ్ళ నొప్పికి మూలుగుతూ నా ప్రక్కన మెల్లగా దిగబడి, "జరగండి, నన్నూ చూడనివ్వండి" అన్నది.