పాత ప్రతుల్లో లేని కథ

రిటైరవడానికి ముందటి ఏడాది నన్ను శృంగవరపుకోటలోని బైబిలు అనువాద కార్యాలయానికి మూలపాఠ పరిశీలకుడిగా వేశారు. చదువురాని వాళ్లు వినడానికని సువార్తలను అక్కడి మాటతీరులో రికార్డు చేస్తున్నారు. ప్రతి వాక్యాన్నీ గ్రీకు పాఠంతో పోల్చి, సరిపోయిందని సంతకం పెట్టడం నా పని. గ్రీకు చదివినవాడికి కోటలో ఏం పనని మా బావగారు వెక్కిరించేవారు. పని మాత్రం తల తినేసేంత ఉండేది.

యోహాను సువార్త దగ్గర చిక్కొచ్చింది. తప్పు చేసిందని ఒక స్త్రీని రాళ్లతో కొట్టబోతే, పాపం లేనివాణ్ణి మొదటి రాయి వెయ్యమని యేసు అన్న ఘట్టం ఉంది కదా, అది మనకు దొరికిన అతి పాత గ్రీకు ప్రతుల్లో లేదు. అచ్చు పుస్తకంలో అయితే ఆ భాగాన్ని బ్రాకెట్లలో పెట్టి, అడుగున వివరణ ఇస్తాం. వినేవాళ్లకు బ్రాకెట్లు వినిపించవు. అందుకని రికార్డింగులో వదిలెయ్యమని రాసిచ్చాను. నిజాయితీ అంటే అదేనని నా లెక్క.

రికార్డు చేసిన భాగాన్ని ఊరివాళ్లకు వినిపించి, ఏం విన్నారో వాళ్ల నోటనే చెప్పించుకోవడం మా పద్ధతి. దాన్ని వినికిడి పరీక్ష అంటాం. దానికి వచ్చే రాహేలమ్మ కూలిపని చేసుకునే పెద్దావిడ. ఆ రోజు అంతా విని, ఆ ఆడమనిషి కథ ఏదని అడిగింది. సంగతి చెప్పాను.

అప్పుడు తన కథ చెప్పింది. వయసులో ఉండగా ఆమె మీద నింద వేసి, ఊళ్లోంచి వెళ్లగొట్టడానికి పెద్దలు కూర్చున్నారట. పాస్టరుగారు వచ్చి ఈ ఘట్టమే చదివితే, ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారట. ఆమె ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంటోంది.

"అది దేవుడి మాట కాదంటే నానేటైపోతాను బాబూ?" అంది.

ఒక పాత ప్రతి ఫొటో తీసి ముందు పెట్టాను. ఈజిప్టులో దొరికిన, జమ్ముతో చేసిన కాగితం అది. అంచులు చివికిపోయాయి. ముందు ఘట్టం ఎక్కడ ముగిసిందో, తర్వాతిది ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించాను. అక్కడ చిరిగిపోయిందేమోనని అడిగింది. చిరిగిందని ఒక్క మాట అంటే ఆమె మనసు కుదుటపడేది. అనాలనీ అనిపించింది. చిరగలేదు, వరస తెగకుండా సాగిందని చెప్పాను.

నేను చూపించిన చోట ఆమె కూడా వేలు పెట్టి చూసుకుంది.

"నేదంటే నేదనే సెప్పండి. సెప్పీసి, సదవండి."

ఆమె అన్నట్టే చేద్దామని ఆఫీసులో చెప్పాను. కానీ లేఖనం తప్ప వేరే మాట రికార్డింగులో వినిపించకూడదని నియమం. మా సమన్వయకర్త దాన్నే పట్టుకున్నాడు. అలాగైతే సంతకం పెట్టనని నేను భీష్మించాను. చివరికి పై కార్యాలయం ఒప్పుకుంది. ఇప్పుడు ఆ ఘట్టానికి ముందు వేరే గొంతు, ఈ కథ అతి పాత ప్రతుల్లో లేదనీ, తర్వాతి ప్రతుల్లో ఉందనీ చెబుతుంది. ఆపైన కథ వస్తుంది.

దానికీ వినికిడి పరీక్ష పెట్టాం. రాహేలమ్మ పాత కాగితాల్లో లేదన్న మాటతో మొదలుపెట్టి, యేసు ఆ స్త్రీని వెళ్లమనడం దాకా ఏదీ వదలకుండా చెప్పింది. సంతకం పెట్టాను.

పాత ప్రతిలో లేనిదాన్ని ఉందనకూడదని నాకు చదువు నేర్పింది. లేదని చెప్పాక కూడా చదవవచ్చని కోటలో తెలిసింది.