నర్సమ్మ చేతికి సముద్రపు గడియారం

మొన్న శుక్రవారం పొద్దున్నే నర్సమ్మ తమ్ముడు వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు. "మా ఆపా ఇగ లేదమ్మా. తెల్లారంగ చాయ్ తాగింది. కప్పు కిందవెట్టి పండుకున్నది, గంతే" అన్నాడు. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకుపోతారని చెప్పి, ఇంకా చెప్పాల్సిన ఇళ్లున్నాయని కదిలాడు. చాలా ఇళ్లే ఉండి ఉంటాయి. మెదక్‌లో పుట్టి ఇప్పుడు యాభైకి దగ్గర పడుతున్న వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఎవరి చేతుల్లో పడ్డారో మీ అమ్మలను అడిగి చూడండి.

నేను కొత్త కాపురానికి వచ్చి కిరాయికి దిగిన ఇంటి పక్కిల్లే ఆమెది. మా ఆయన బడిపంతులు. ఆమె మా వీధి చివర ఉన్న చిన్న కాన్పుల దవాఖానలో నర్సు, అందుకే ఊరందరికీ నర్సమ్మ. డ్యూటీ నుంచి రాగానే నల్లా దగ్గర కూర్చుని మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. ఆ తర్వాతే ఎవరితోనైనా మాట. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ నన్ను తిట్టేది. నీళ్లు తక్కువ తాగుతున్నానని ఒకరోజు, బరువులెత్తుతున్నానని ఇంకోరోజు. పెళ్లి ఊసెత్తితే "నాకు తీరిక ఏడున్నది బిడ్డా" అని లేచిపోయేది. అమ్మ దగ్గర లేని ఆ రోజుల్లో ఆ తిట్లే నాకు పుట్టింటి సారె.

డెబ్బైల చివర్లో తమ్ముడు దుబాయ్ నుంచి మొదటిసారి వచ్చాడు. అక్క కోసం సన్నటి బంగారు రంగు ఆడవాళ్ల గడియారం తెచ్చాడు. తన చేతికి మాత్రం ఉక్కుది, ఇంత లావుది పెట్టుకుని దిగాడు. ఆమె తనకిచ్చిన డబ్బీ తెరిచి చూసి, మూసి, తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆ పెద్దదాన్ని విప్పేసింది.

"గీ చిన్నదాంట్ల అంకెలు కండ్లకు ఆనయి. ఇది నాకియ్యి. అది రేపు నీకు పెండ్లామై వచ్చెదానికి దాచిపెట్టు."

"ఆపా, గది సముద్రంల మునిగెటోళ్ల గడియారం" అని తమ్ముడు లబోదిబోమన్నాడు.

"నా చేతులు పొద్దందాక నీళ్లల్లనే ఉంటయి గద" అంది.

అట్లా తెల్లచీర నర్సమ్మ చేతికి ఆ గడియారం ఎక్కింది. పట్టీని ఆఖరి రంధ్రానికి బిగించినా కొంచెం జారేది. క్వార్ట్‌జ్ గడియారం, లోపల సెల్లు, కీ ఇచ్చే పని లేదు. సెకన్ల ముల్లు గెంతుతూ పోయేది. అద్దం చుట్టూ గిర్రున తిరిగే ఉక్కు చట్రం, దాని మీద ఒక మెరిసే గుర్తు. నీళ్లలో దిగినవాళ్లు ఎంతసేపైందో చూసుకోవడానికట అది. మా నర్సమ్మ దాన్ని నొప్పులకు పెట్టింది. నొప్పి మొదలవగానే గుర్తును నిమిషాల ముల్లు దగ్గరికి తిప్పేది. మళ్లీ నొప్పి వచ్చేసరికి ఎన్ని నిమిషాలైందో లెక్క లేకుండానే కనిపించేది. "నర్సమ్మా, ఏ సముద్రంల మునుగుతున్నవ్" అని అడిగేవాళ్లకు చేతులు కడుక్కునే మందు నీళ్ల బేసిన్ చూపించేది. ఆ గడియారమంటే ఆమెకు గర్వం ఉండేది. ఎందుకు ఉండకూడదు? ఊళ్లో పుట్టిన పిల్లల జాతకాలన్నీ అది చూపిన టైం మీదే రాశారు.

టైం దగ్గర మాత్రం మొండి మనిషి. ఒక పెద్దమనిషి తన మనవడి పుట్టుకను అయిదు నిమిషాలు ముందుకు జరిపి చెప్పమని బతిమాలితే, "చూసింది చెప్త, చూడనిది చెప్ప. మంచిదో చెడ్డదో మీరు చూసుకోండ్రి" అని పంపేసింది.

ఇక నా సంగతి. నా రెండో కాన్పుకు మా అత్త ఎల్దుర్తి నుంచి వచ్చింది. నొప్పులు మొదలైన పొద్దున్నే పంతులుగారి దగ్గరికి పోయి చీటీ రాయించుకొచ్చింది. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాల దాకా పుష్యమి, ఆపైన ఆశ్లేష. ఆశ్లేషలో ఆడపిల్ల పుడితే ఏమవుతుందో నేను చూసి ఉన్నాను. మా బావగారి కూతురు ఆ నక్షత్రంలోనే పుట్టింది. శాంతి చేసి, నూనెలో నీడ చూసేదాకా తండ్రి ఆ పిల్ల ముఖం చూడకూడదన్నారు. ఆ ఏడే మా మామ మంచం పట్టాడు. శాంతి వెనకబడింది, పిల్ల రేగోడ్‌లో అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. ఎప్పటికో శాంతి అయ్యింది. నాలుగేళ్లొచ్చినా, తండ్రి చూడ్డానికి అక్కడికి పోతే ఎవరో వచ్చారని తలుపు చాటుకు దాక్కునేది. మా అత్త చెడ్డది కాదు, భయస్తురాలు. భయపడేవాళ్లతో వాదించి ఎవరు గెలుస్తారు? నా కడుపులో ఉన్నది ఆడపిల్లే అని నాకు గట్టిగా అనిపించేది. ఆ రోజు నొప్పుల కంటే ఆ చీటీయే నన్ను ఎక్కువ ఏడిపించింది.

కాన్పు గదిలోనూ వసారాలోనూ గోడ గడియారం లేదు. బయట ముసురు, పొద్దు ఎక్కడుందో తెలియదు. ఉన్నదల్లా నర్సమ్మ చేతి గడియారమే. మా అత్త మాటిమాటికీ తలుపు దగ్గరికి వచ్చేది.

"రెండు పదిలోపట కావాలె నర్సమ్మా. జల్ది అయ్యెటట్టు ఏదన్న సూది ఇయ్యరాదు."

"ఇయ్య. లోపట ఉన్నది బిడ్డ, బస్సు కాదు జల్ది పోనిచ్చెతందుకు" అని తలుపు వేసి, నా వైపు తిరిగింది. "గిదేం కథ బిడ్డా?"

నొప్పికీ నొప్పికీ నడుమ రేగోడ్‌లో ఉన్న పిల్ల సంగతి చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆమె గడియారం పక్కనున్న, ముళ్లు తిప్పే మరను వదులు చేసి, గోటితో బయటికి లాగింది. గెంతుతున్న సెకన్ల ముల్లు ఠక్కున నిలిచిపోయింది. అప్పుడు ఒకటి యాభై. టైం దిద్దుకుంటుందేమో అనుకున్నాను. మరను మళ్లీ లోపలికి నొక్కలేదు.

"ఇగ ముల్లును చూడకు. నన్ను చూడు" అంది.

ఆ తర్వాత ఎంతసేపో నాకు తెలియదు. పావుగంటో, ముప్పావుగంటో. బిడ్డ ఏడ్చింది.

"టైం ఎంత నర్సమ్మా?" అని బయట నుంచి మా అత్త.

"ఆడబిడ్డ. మంచిగున్నది."

"టైం?"

నర్సమ్మ తలుపు తీసి చెయ్యి చూపించింది. "నా గడియారం ఆగింది. టైం చూడలే."

మా అత్త ఆ చేతిని వెలుతురులోకి లాక్కుని చూసింది. "దుబాయ్‌దని పేరు. సెల్లు అయిపోయినట్టున్నది" అని చీటీని మడిచి కొంగున కట్టేసుకుంది. నర్సమ్మ రిజిస్టరులో టైం రాసే గడిలో 'మధ్యాహ్నం' అని మాత్రం రాసింది. టైం తెలియకపోతే పేరును బట్టే నక్షత్రం అన్నారు పంతులుగారు. మంచి అక్షరమొకటి చెప్పి పంపారు.

మా అత్త ఎల్దుర్తి పోయేలోపు ఈ సంగతి మెదక్ అంతా చెప్పింది. ఆ తర్వాత రెండు మూడేళ్లు కాన్పులకు వచ్చేవాళ్లు సొంత గడియారాలు వెంట తెచ్చుకున్నారు. "మీది ఆగుతదట గద" అని ఆమె ముఖం మీదే అన్నారు. తమ్ముడికి రోషం వచ్చి, "ఆగే గడియారం కాదు ఆపా, ఎవరన్నరు?" అని గోల చేస్తే, "ఆగింది లే" అని ఊరుకుంది. గోడకు ఇవతల నేను అన్నీ విన్నాను. నోరు విప్పలేదు. విప్పితే నా బిడ్డ టైం మళ్లీ వెతుకుతారని భయం. ఆమె మాట పడుతుంటే నేను చాటున నిలబడ్డాను, అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇరవై ఏళ్ల తర్వాత, బిడ్డ పెళ్లి పత్రిక ఇవ్వడానికి పోయినప్పుడు అడిగేశాను. "ఆ దినం నువ్వు మర గుంజింది నేను చూసిన నర్సమ్మా."

నవ్వింది. "నొప్పులల్ల గూడ నీ కండ్లు ఊకోలేదా?"

"రెండు గంటలకు పుట్టిందని చెప్తే అయిపోతుండె. నీ గడియారానికి పేరు పోకపోవు."

"చూస్తే ఉన్నది చెప్పాలె. గందుకే చూడలే" అంది. పత్రిక మడిచి పెట్టి, "నేను నౌకరిల ఉన్నన్ని దినాలు ఎవరికి చెప్పకు" అంది.

చెప్పలేదు. ఆమె నౌకరీ అయిపోయింది, మా అత్త కూడా పోయింది, ఇప్పుడు ఆమే పోయింది. ఆ గడియారం ఏనాడూ తనంతట తాను ఆగలేదని ఇన్నాళ్లకు మీ అందరికీ చెబుతున్నాను. నాకు తెలిసి ఆమె దేన్నైనా ముద్దుగా చూసుకుంది అంటే దాన్నే. దాని పరువును నా బిడ్డ కోసం వదులుకుంది. ఆమె బతికుండగా ఒక్కసారైనా చేతులు పట్టుకుని మొక్కాల్సింది. మొక్కితే తిట్టేదని ఊరుకున్నాను.

శుక్రవారం ఆమె ముఖం చూసి వచ్చాక నాకు బిడ్డ పుట్టిన ఆ సాయంత్రమే గుర్తొస్తోంది. మా ఆయన బడి నుంచి తడుస్తూ వచ్చి దవాఖాన గది గుమ్మంలో ఆగాడు. మా అత్త వైపు చూశాడు. వద్దనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు, పక్కకు జరిగింది. ఆయన తుండుతో చేతులు తుడుచుకుని బిడ్డను ఎత్తుకుని, వెలుతురు కోసం కిటికీ దగ్గరికి పోయాడు. ముక్కు ఎవరిదో తేల్చుకునే పనిలో పడ్డాడు. మంచంలోంచి నాకు ఆయన భుజం పక్కగా రోడ్డు కనిపిస్తోంది. నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ పోయే బస్సు ఆగి ఉంది. డ్యూటీ దిగిన నర్సమ్మ కొంగు తల మీద కప్పుకుని బస్సు పక్కన నిలబడి కండక్టర్‌ను ఏదో అడిగింది. కండక్టర్ బస్సు కిటికీలోంచి గడియారం ఉన్న చెయ్యి బయటికి చాపాడు. ఆమె ఆ చేతి పక్కన తన చెయ్యి పెట్టి, వానలోనే, తల వంచుకుని ముళ్లు తిప్పుకుంటోంది.