చారులో వేసిన చైనా వేరు

మోకాలి ఆపరేషన్‌కి పిలుపు వచ్చిన సోమవారం నాకు నిన్నటిలా గుర్తుంది. నేను పప్పుకి పోపు పెడుతున్నాను. కోడలు ఫోన్ చెవిన పెట్టుకునే వంటింట్లోకి వచ్చి, రెండో చేత్తో నా ముందున్న పొయ్యి కట్టేసింది. ఎవరో రాలేమన్నారట, ఆ ఖాళీ నాకిస్తారట. వచ్చే వారం గురువారం. అంటే పది రోజులు.

గరిటె చేత్తోనే కుర్చీలో కూలబడ్డాను. రెండు చలికాలాలుగా ఎదురుచూస్తున్న పిలుపు అది. ఇంగ్లండులో, మిల్టన్ కీన్స్ ఊళ్ళో మా అబ్బాయి ఇంట్లో వంటిల్లూ హాలూ కింద, పడకగదులు పైన. మధ్యలో పదమూడు మెట్లు. మోకాలు మొరాయించినప్పటి నుంచి నా మంచం కిందికి, ముందుగదిలోకి దిగింది. పదేళ్ళ మనవరాలు పైన తన గదికి కొత్త రంగు వేయించుకుని, గోడ మీద ఇంత పెద్ద తిమింగలం గీసుకుంది. ఫోటోలు తీసి చూపించేది కానీ, దానికి తృప్తి లేదు. "ఇట్స్ నాట్ ద సేమ్, నాన్నమ్మా. యు హావ్ టు కమ్ అప్," అనేది. కథ కోసం రోజూ తనే దుప్పటి ఈడ్చుకుంటూ కిందికి దిగేది. ఒక్కసారి పైకెళ్ళి ఆ తిమింగలం కింద కూర్చుని కథ చెప్పాలి. నాకు కావలసింది అంతే.

ఫోన్‌లో నర్సు ఒక్కొక్కటే అడుగుతోంది. కోడలు తెలుగులోకి మార్చి నన్ను అడుగుతోంది. బీపీ బిళ్ళ రోజూ వేసుకుంటున్నారా? ఊడే పళ్ళేమైనా ఉన్నాయా?

"అత్తయ్యా, ఇంకేమైనా మందులు గానీ, మూలికలు గానీ వాడుతున్నారా?"

"నేనెక్కడ వాడతానమ్మా. ఆ బీపీ బిళ్ళ తప్ప ఇంకేం ముట్టను," అన్నాను.

అబద్ధం చెబుతున్నాననుకోలేదు. అప్పుడు పక్క పొయ్యి మీద చారు మరుగుతోంది. అందులో చైనా వేరు ముక్కలు తేలుతున్నాయి.

ఆ వేరు మా పక్కింటావిడ ఇచ్చింది. చైనా ఆవిడ, నా ఈడే, కూతురి దగ్గర ఉంటుంది. ఆవిడకి ఇంగ్లీషు నాకు వచ్చినంతే వచ్చు. హలో, థాంక్యూ, వెరీ కోల్డ్. అయినా కంచె మీదుగా గిన్నెలు మారుతూనే ఉంటాయి. నేను గారెలిస్తే ఆవిడ ఆవిరి మీద ఉడికించిన కుడుముల్లాంటివి ఇస్తుంది. ఒకరోజు నేను కుంటడం చూసి, లోపలికెళ్ళి కాగితం పొట్లం తెచ్చింది. విప్పితే లేత పసుపు రంగు వేరు ముక్కలు, చెక్క పేళ్ళంత పల్చగా. ఆవిడ తన భాషలో ఫోన్‌కి చెబితే అది ఇంగ్లీషులో పలికింది, మనవరాలు విని నాకు చెప్పింది. దాని పేరు దాంగ్ గ్వై అట. ఆడవాళ్ళకి మంచిదట, రక్తాన్ని కదిలిస్తుందట, బాలింతలకి కోడి సూప్‌లో వేసి పెడతారట.

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాము వాసన, కొత్తిమీర వేళ్ళ వాసన, అడుగున ఎక్కడో బెల్లం. మా అమ్మ బాలింతలకి కాయం నూరితే మా ఇల్లు ఇలాగే గుప్పుమనేది. ఇక అది పరాయి వేరెలా అవుతుంది? మా ఇంట్లో కోడి సూప్ లేదు, చారు ఉంది. రోజూ మూడు ముక్కలు మిరియాలతో పాటు వేశాను. మోకాలి నొప్పి తగ్గిందా అంటే తగ్గలేదు. చారు మాత్రం కుదిరింది. మా అబ్బాయైతే సంగతేమీ తెలియకుండానే మళ్ళీ మళ్ళీ పోయించుకున్నాడు. మాకు మందంటే సీసాలో ఉండేది, లేదంటే పరగడుపున ముక్కు మూసుకుని మింగేది. మరిగే చారులో పడ్డాక శొంఠి అయినా పిప్పళ్ళయినా వంటే. నేను అలా పెరిగాను.

ఆ వారం నా కాళ్ళు నేల మీద లేవు. ఆపరేషన్‌కి ఒంట్లో సత్తువ ఉండాలని చారులో ముక్కలు పెంచాను. పొట్లం అడుగంటింది. పక్కింటావిడని అడగొచ్చు. కానీ అంత ఆత్రం ఎందుకని అడిగితే ఆపరేషన్ మాట చెప్పాలి. మంచి పని కాకముందే బయట చెబితే దిష్టి తగులుతుంది. అందుకని శనివారం కోడలితో, మనవరాలితో షాపింగ్ సెంటర్‌కి బయల్దేరాను, పర్సులో ఒక వేరు ముక్క పెట్టుకుని.

కోడలు బూట్లు మార్చుకోవడానికి వెళ్ళగానే మేమిద్దరం బిళ్ళలూ పొడులూ అమ్మే షాపులో దూరాం. మనవరాలు ముక్క చూపించి పేరు చెప్పింది. షాపతను ఒక సీసా తెచ్చి ముందు పెట్టాడు. దాని మీద అదే వేరు బొమ్మ. నాకు చుట్టాన్ని చూసినట్టయింది.

"రోజుకెన్ని వేసుకోవాలో వెనకాల చూడవే," అన్నాను.

మనవరాలు గబగబా మొదలుపెట్టి, మధ్యలో నెమ్మదించింది. "రక్తం పల్చబడే మందులు వాడితే నో. అండ్... స్టాప్ టూ వీక్స్ బిఫోర్ సర్జరీ." తలెత్తి నన్ను చూసింది. "నాన్నమ్మా, యువర్స్ ఈజ్ థర్స్‌డే."

సీసా బల్ల మీద పెట్టేశాను. ముక్క మళ్ళీ పర్సులో పెట్టుకున్నాను.

"షల్ ఐ టెల్ మమ్?" అని గుసగుసలాడింది.

"నేనే చెబుతాలేవే."

కారెక్కాం. ఈ ఊళ్ళో నాలుగు అడుగులకొక రౌండబౌట్, గుండ్రంగా చుట్టి పోవాల్సిన కూడలి. మొదటిదాని దగ్గర, చెబితే గురువారం పోతుంది అనుకున్నాను. మళ్ళీ ఎన్ని చలికాలాలో. రెండోదాని దగ్గర, ఇవాళ్టి నుంచి మానేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. వెనక సీట్లోంచి మనవరాలు చెయ్యి చాపి నా భుజం పట్టుకుంది. ఆపరేషన్ బల్ల మీద నాకు రక్తం ఆగకపోతే, తెలిసీ చెప్పలేదన్న మాట ఈ పిల్ల మోయాలి. మూడో రౌండబౌట్ తిరుగుతుండగా నోరు విప్పాను.

"అమ్మాయ్, మూలికలేమైనా వాడుతున్నారా అని నర్సు అడిగింది చూడు."

"ఆఁ, అడిగింది."

"చారులో వేస్తున్నాను."

కోడలు రెండో చుట్టు కూడా అక్కడే తిరిగింది. "చారులోనా? మనందరం తాగే చారులోనా?"

"మరి ఇంకెందులో వేస్తారమ్మా."

"ఎప్పట్నుంచి?"

"చలికాలానికని గడియారాలు గంట వెనక్కి తిప్పుతారే, ఆ వారం నుంచి."

"అందుకా మీ అబ్బాయి గిన్నె నాకుతున్నారు," అంది కోడలు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

సోమవారం పొద్దున్నే కోడలు ఆసుపత్రికి ఫోన్ చేసింది. చెప్పి మంచి పని చేశారన్నారట. గురువారం మాత్రం ఇంకెవరికో వెళ్ళిపోయింది. రెండు వారాలు ఏ వేరూ ముట్టకుండా ఉంటే, ఆ తరవాత ఖాళీ చూస్తామన్నారట. ఆ సాయంత్రమే కంచె దగ్గరికెళ్ళి, దిష్టీ గిష్టీ పక్కన పెట్టి, మనవరాలి చేత అంతా చెప్పించాను. పక్కింటావిడ నెత్తి కొట్టుకుంది. ఆపరేషన్ అని ముందే చెబితే నేనే ఆపించేదాన్ని కదా అని ఫోన్ పలికింది. మిగిలిన ఆ ముక్క కూడా నా చేతిలోంచి లాగేసుకుంది. తన భాషలో తిట్టిందే అనుకుంటాను, అక్కచెల్లెలు తిట్టినట్టు.

రెండు వారాలు దాటి నాలుగు రోజులకి మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి ముందు పక్కింటావిడకే చెప్పాను.

ఆసుపత్రిలో మత్తు ఇచ్చే ముందు మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. మనవరాలి చేత రాయించిన కాగితం అందించాను. పసుపు, మెంతులు, మిరియాలు, ఇంగువ, శొంఠి, కరివేపాకు, ఏదీ వదల్లేదు. ఆ డాక్టరమ్మ మొత్తం చదివి, ఇది లంచ్‌లా ఉందే అందట. కోడలు సిగ్గుతో చచ్చిపోయింది. నాకేం సిగ్గు లేదు. ఒక్కటి దాస్తే ఏమయ్యేదో నాకు తెలుసు.

ఇల్లు చేరిన కొన్ని వారాలకి, మంచి కాలు ముందు వేసి మెట్లెక్కడం నేర్పారు. ఒక ఆదివారం మధ్యాహ్నం కోడలు నా వెనక రెండు చేతులూ చాపి నిలబడింది. మనవరాలు నా ముందు వెనక్కి నడుస్తూ ఎక్కింది. పదమూడు మెట్లు. మోకాలు మాట వింది.

తలుపు తీసి చూద్దును కదా, గోడ పొడవునా తిమింగలం.

"ఏమే, ఇన్ని ఫోటోలు చూపించావు, నీలం అనుకున్నానే. ఇది వంకాయ రంగు."

"ఐ టోల్డ్ యు," అంది మనవరాలు, మంచం మీద నాకు చోటు చేస్తూ.